ఇల్లు చూసింది ఎవరు? జవాబుదారీ ఎవరు?

"బ్యాంకు లోను ఇచ్చిందంటే ఇల్లు గట్టిదనే కదా!" గృహరుణాల పనిలో నేను తరచుగా వినే మాట ఇది. మన సిబ్బంది కుటుంబాలలోనూ ఈ నమ్మకం బలంగా ఉంది. దీనిని ఒకసారి పరిశీలిద్దాం.

ఉదాహరణకు అండమాన్‌లోని హోప్ టౌన్‌ను తీసుకుందాం. పోర్ట్ బ్లెయిర్ (ఇప్పటి శ్రీ విజయపురం) రేవుకు ఆవలి ఒడ్డున, బాంబూ ఫ్లాట్ దగ్గర ఉన్న ఊరిది. 1872లో వైస్రాయ్ లార్డ్ మేయో హత్య ఇక్కడే జరిగింది. చరిత్ర సంగతి అలా ఉంచితే, ఇల్లు కొనేవారికి ఈ ఊరు మంచి పాఠం. ఏడాదిలో ఎక్కువ నెలలు వాన, ఎప్పుడూ ఉప్పుగాలి. అండమాన్ దీవులన్నీ ఐఎస్ 1893 (2016) ప్రకారం అత్యంత తీవ్రమైన ఐదవ భూకంప మండలంలో ఉన్నాయి. 2004 డిసెంబరు 26న వచ్చిన 9.1 తీవ్రత భూకంపం ఇక్కడివారు మరచిపోలేరు. ఇలాంటి చోట స్లాబు లోపల ఊచలు తుప్పు పట్టినా, పైన సున్నం వేస్తే కంటికి కనబడదు.

ఏ కాగితం ఏం చెబుతుంది?

ఇల్లు కొనేటప్పుడు మన చేతికి మూడు కాగితాలు వస్తాయి. న్యాయవాది ఇచ్చే లీగల్ ఒపీనియన్ హక్కు ఎవరిదో చెబుతుంది. ప్లాను అనుమతి ఏం కట్టవచ్చో చెబుతుంది. వాల్యూయర్ రిపోర్టు అమ్మితే ఎంత వస్తుందో చెబుతుంది. ఆ రిపోర్టు బ్యాంకు తన తాకట్టు కోసం తెప్పించుకున్నది. గోడలో చెమ్మ, బీములో పగులు వెతకడం దాని ప్రధాన పని కాదు.

మరి ఆ పని ఎవరిది? ఈ మధ్య నగరాలలో 'హోం ఇన్‌స్పెక్షన్' సంస్థలు వచ్చాయి. అయితే మన దేశంలో ఇంటి తనిఖీదారులకు లైసెన్సు ఇచ్చే కేంద్ర చట్టం లేదు. వాల్యూయర్లకు కంపెనీల చట్టం 247వ సెక్షను, 2017 నిబంధనలు ఉన్నా, అవి వెల కట్టడం గురించే. రెరా చట్టం (2016) 14(3) సెక్షను ప్రకారం స్వాధీనం తర్వాత అయిదేళ్లలోపు నిర్మాణ లోపం బయటపడితే ప్రమోటరే ఖర్చు లేకుండా సరిచేయాలి. కానీ 500 చదరపు మీటర్లు మించని స్థలంలోని లేదా ఎనిమిది ఫ్లాట్లు మించని ప్రాజెక్టుకు రెరా రిజిస్ట్రేషన్ అవసరం లేదు. హోప్ టౌన్ వంటి ఊళ్లో ఒకరి నుంచి ఇంకొకరు కొనుక్కునే పాత విడి ఇంటికి అసలు ప్రమోటరే ఉండడు.

ఇతర దేశాలలో

అమెరికాలో టెక్సాస్ రాష్ట్రం ఇంటి తనిఖీదారులకు లైసెన్సు తప్పనిసరి చేసింది. కాలిఫోర్నియాలో లైసెన్సు లేదు. అయినా తనిఖీ చేసినవారే ఆ ఇంటి మరమ్మతు పనిని పన్నెండు నెలల లోపు చేపట్టకూడదని చట్టం ఉంది. బ్రిటన్‌లో 1989లో స్మిత్ వర్సెస్ బుష్ కేసు బ్యాంకర్లు తెలుసుకోదగినది. గృహరుణ సంస్థ తరఫున వచ్చిన సర్వేయరు పెద్ద మరమ్మతులు అవసరం లేదని రాశాడు. సుమారు పద్దెనిమిది నెలలకు ఆధారం తీసేసిన పొగగొట్టం కూలి ఇంటి కప్పు మీద పడింది. రిపోర్టులో 'మాకు బాధ్యత లేదు' అన్న షరతు ఉన్నా చెల్లలేదు. కొనుగోలుదారు పట్ల కూడా సర్వేయరుకు బాధ్యత ఉందని హౌస్ ఆఫ్ లార్డ్స్ తీర్పు చెప్పింది.

మనం ఏం చేయాలి?

చట్టం వచ్చేదాకా ఆగలేం కాబట్టి, జవాబుదారీని కాగితం మీద మనమే తెచ్చుకోవాలి.

1. అడ్వాన్సు ఇవ్వకముందే స్ట్రక్చరల్ ఇంజనీరుతో చూపించండి. బిల్డరు, బ్రోకరు, మరమ్మతు కాంట్రాక్టరు పంపిన మనిషి వద్దు.

2. ఫీజు మీరే చెల్లించి రసీదు తీసుకోండి. వినియోగదారుల రక్షణ చట్టం (2019) ప్రకారం ఉచితంగా చేసింది 'సేవ' కిందికి రాదు. ఫిర్యాదుకు గడువు రెండేళ్లు.

3. ఏవి చూస్తారో, ఏవి చూడరో ముందే రాయించుకోండి. రీబౌండ్ హామర్ పరీక్ష కాంక్రీటు పైపొర గట్టిదనం మాత్రమే చూపుతుంది. సముద్రతీరంలో లోపలి పగుళ్లకు అల్ట్రాసోనిక్ పరీక్ష, ఊచల తుప్పుకు హాఫ్ సెల్ పరీక్ష కూడా అడగండి.

4. రిపోర్టు మీ పేరున, ఫొటోలతో, సంతకం, తేదీతో ఉండాలి. 'బాధ్యత ఫీజుకే పరిమితం' వంటి షరతు ఉందేమో చదవండి. వృత్తి బాధ్యతా బీమా ఉందా అని అడగండి.

5. వానాకాలంలో ఒకసారి ఇల్లు చూడండి. కొత్తగా రంగు వేసిన గదిని రెండుసార్లు చూడండి.

స్టాఫ్ హౌసింగ్ లోను తీసుకునేవారికి ఇది మరీ ముఖ్యం. వాయిదాలు జీతంలో కోతపడుతూ రిటైరయ్యే దాకా సాగుతాయి. స్లాబు పెచ్చులూడినా వాయిదా ఆగదు. వాల్యుయేషన్ రిపోర్టు బ్యాంకు సొమ్మును కాపాడుతుంది. ఆ స్లాబు కింద నిద్రపోయే మనవాళ్ల కోసం ఇంకో రిపోర్టు కావాలి. దాన్ని రాయించుకోవలసింది మనమే.