ఉబ్బసం మందుల పరీక్షలో జంతు నమూనాలు: పత్తి, మిరప ప్రాంతాలకు వర్తించే పాఠాలు

పరిచయం

ఉమ్మడి గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి మైదానాల్లో పత్తి, మిరప ప్రధాన వాణిజ్య పంటలు. మిరపకాయల తొడిమలు తీసేటప్పుడు, కారం ఆడేటప్పుడు ఘాటైన ధూళి లేస్తుంది. జిన్నింగ్ మిల్లుల్లో పత్తి ధూళి గాలిలో తేలుతూ ఉంటుంది. ఈ పనుల్లో ఉన్నవారికి దగ్గు, ఆయాసం వచ్చినప్పుడు “ఎలుకలపై నిరూపితమైన మందు” అనే మాట సులభంగా నమ్మకం కలిగిస్తుంది. ఆ మాటకు ఎంత విలువ ఇవ్వవచ్చునో తెలియాలంటే జంతు నమూనాల పనితీరు, పరిమితులు తెలిసి ఉండాలి.

ప్రధాన నమూనాలు

గినీ పంది శ్వాసనాళాలు హిస్టమిన్‌కు తీవ్రంగా స్పందించి బిగుసుకుంటాయి. అందువలన శ్వాసనాళాలను సడలించే మందులను చాలాకాలంగా దీనిపై పరీక్షిస్తున్నారు. అయితే యాంటీ హిస్టమిన్ మందులు గినీ పందిని బాగా కాపాడినప్పటికీ, మనిషి ఉబ్బసంలో ప్రధాన చికిత్స కాలేకపోయాయి.

చిట్టెలుకకు ఉబ్బసం సహజంగా రాదు. కోడిగుడ్డు తెల్లసొనలోని ఒవాల్బుమిన్‌ను ముందుగా ఇంజెక్షన్‌గా ఇచ్చి, తరువాత పీల్పించి, ఇయోసినోఫిల్ కణాలతో కూడిన వాపును కలిగిస్తారు. ఇది కొద్ది వారాల్లో కృత్రిమంగా ఏర్పడే స్థితి. మనిషిలో ఉబ్బసం ఏళ్ల తరబడి సాగుతుంది.

మిరప చెప్పే పాఠం

మిరపలోని క్యాప్సైసిన్ నాడీకణాలపై గల ఒక గ్రాహకాన్ని ఉత్తేజపరుస్తుంది. డేవిడ్ జూలియస్ బృందం 1997లో దీనిని గుర్తించింది. ఆయనకు 2021లో నోబెల్ బహుమతి లభించింది. క్యాప్సైసిన్ పీల్చిన గినీ పంది దగ్గుతుంది కనుక దగ్గు మందుల పరీక్షలో అది ఉపయోగపడుతుంది. పక్షులలోని గ్రాహకం మాత్రం క్యాప్సైసిన్‌కు స్పందించదు. చిలుకలు మిరపపండ్లను నిశ్చింతగా తినగలగడానికి కారణం ఇదే. కుందేలు గ్రాహకం స్పందన కూడా అత్యల్పం. కాబట్టి మిరప ధూళి ప్రభావాన్ని కుందేలుపై పరీక్షించి “హాని లేదు” అని తేలితే, ఆ ఫలితం కార్మికులకు వర్తించదు.

పత్తి ధూళి సమస్య వేరు. దానిలోని బ్యాక్టీరియా ఎండోటాక్సిన్లు బిసినోసిస్ అనే వ్యాధికి ముఖ్య కారణం. వారపు సెలవు తరువాత తొలి పనిదినాన ఛాతీ పట్టేయడం దీని లక్షణం. ఒవాల్బుమిన్ నమూనాలో పనిచేసిన మందు దీనికి కూడా పనిచేస్తుందని భావించరాదు.

విజయం, వైఫల్యం

ఉబ్బసాన్ని పోలిన ట్రాపికల్ ఇయోసినోఫిలియాను 1940లో మదనపల్లె సమీపంలోని ఆరోగ్యవరం క్షయ చికిత్సాలయ వైద్యులు వర్ణించారు. ఫైలేరియా క్రిములే దీనికి కారణమని తరువాత తేలింది. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు నేతృత్వంలోని లెడర్లీ పరిశోధకులు డైఇథైల్‌కార్బమజైన్‌ను రూపొందించి, 1947లో ఫలితాలు ప్రకటించారు. వారు దానిని ఫైలేరియా సోకిన కాటన్ ర్యాట్ అనే అమెరికా ఎలుకలపై పరీక్షించారు. ఆ మందే ఈ వ్యాధికి ప్రధాన చికిత్స అయింది. నమూనాలోనూ మనిషిలోనూ వ్యాధి కారకం ఒకే కోవకు చెందినది కావడం ఈ విజయానికి మూలం.

ఉబ్బసానికి అటువంటి ఒకే కారణం లేదు. ఇంటర్‌ల్యూకిన్-5ను అడ్డుకోవడం జంతువులలో మంచి ఫలితాలనిచ్చింది. ఆ విధంగా పనిచేసే మెపోలిజుమాబ్ మాత్రం 2000, 2007 సంవత్సరాలలో వెలువడిన మానవ ప్రయోగాలలో ఇయోసినోఫిల్ కణాలను తగ్గించినా రోగులకు చెప్పుకోదగిన మేలు చేయలేదు. ఇయోసినోఫిల్ కణాలు అధికంగా ఉన్న రోగులను మాత్రమే ఎంపిక చేసినప్పుడు తీవ్ర ఉబ్బస దాడులు తగ్గాయని 2009లో వెల్లడైంది. 2015లో అమెరికాలో దీనికి అనుమతి లభించింది.

ముగింపు

జంతు ప్రయోగ ఫలితాన్ని చదివేటప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. వ్యాధిని కలిగించిన పదార్థం మన ప్రాంతపు ధూళికి దగ్గరదేనా? ఎంచుకున్న జంతువు ఆ పదార్థానికి మనిషివలె స్పందిస్తుందా? అటువంటి రోగులపైనే మానవ ప్రయోగం జరిగిందా? మూడింటికీ అవునన్న సమాధానం లేనంతవరకు ఏ మందునూ రైతులకు, కూలీలకు సూచించరాదు. బాధితులను వైద్యుని వద్దకు పంపడం, ధూళిని తగ్గించే పద్ధతులను, ముఖ కవచాల వాడకాన్ని ప్రచారం చేయడం విస్తరణ సిబ్బంది బాధ్యత.