కంప్యూటరు నక్షాలో పొలము గట్టు

పొలమునకు హద్దు గట్టు. గట్టునకు సాక్ష్యము నక్షా. చిరకాలము నక్షా యనగా తహశీలు కచ్చేరిలో చుట్టచుట్టి దాచిన కాగితమే. నేడు అదే నక్షా కంప్యూటరు తెరపై గీయబడుచున్నది. తెలంగాణ రాష్ట్రమున 2025 ఏప్రిల్ 14వ తేదీన అమలులోనికి వచ్చిన భూభారతి చట్టము, భూమి చేతులు మారునపుడు సర్వే పటమును దస్తావేజునకు జతపరచు పద్ధతికి చోటు కల్పించినది. కావున ఇకమీదట ఇట్టి పటములు పంచాయతీ సభ్యుల యెదుటికి తరచుగా రాగలవు. పటమును చూచి ఔననుటకు ముందు, యంత్రము గీతను ఎట్లు గీయునో, ఎచ్చట తనంతట తాను జరుపునో తెలిసికొని యుండుట అవసరము.

కంప్యూటరు తెర అతిసూక్ష్మమైన చదరపు గళ్ళ కూర్పు. ఒక్కొక్క గడిని పిక్సెలు అందురు. సన్నని గీత ఒక గళ్ళ వరుసలో సరిగా పడినచో నల్లగా, స్పష్టముగా కానవచ్చును. రెండు వరుసల నడుమ పడినచో యంత్రము ఆ నలుపును రెంటికిని పంచును. గీత వెడల్పై మసకబారును. అందుచేత చిత్రములు గీయు సాఫ్టువేరులలో గీతను దగ్గరి గళ్ళ వరుసకు లాగి కూర్చోబెట్టు ఏర్పాటు ఉండును. పెండ్లి పత్రికకు, సంత ప్రకటనకు ఇది చక్కని ఉపాయము. అక్కడ గీత వెంట్రుకవాసి జరిగినను ఎవరి సొత్తును పోదు.

ఈ లాగుటకే స్నాపింగు అని పేరు. గళ్ళకే గాక, అంతకుముందు గీచిన బిందువునకు, గీతకు కూడ క్రొత్త గీతను అతికింపవచ్చును. ఇది నిన్న నేడు పుట్టినది కాదు. 1963లో అమెరికాలోని మసాచుసెట్సు సాంకేతిక విద్యాసంస్థలో ఐవాన్ సదర్లాండు నిర్మించిన స్కెచ్‌ప్యాడ్ అను చిత్రలేఖన యంత్రక్రమములోనే, వెలుగు కలమును ఒక బిందువు చెంతకు తెచ్చినచో అది ఆ బిందువునకే అతుకుకొనెడిది.

నక్షా పనిలో ఈ గుణము లేనిదే జరుగదు. 45వ సర్వే నంబరునకును 46వ నంబరునకును నడుమ గట్టు ఒక్కటే. పనివాడు ఆ గట్టును ఒక్కొక్క నంబరునకు వేరువేరుగా గీచినచో, ఎంత నేర్పరియైనను రెండు గీతలు సరిగా కలియవు. ఒకచోట సన్నని చీలిక మిగులును. అది ఎవరి నంబరులోను చేరదు. వేరొకచోట ఒకదానిపై మరియొకటి ఎక్కును. ఆ నేల ఇద్దరి లెక్కలోను పడును. స్నాపింగు ఉన్నచో రెండవ గీత మొదటి గీత మూలలనే పట్టుకొని నడచును, హద్దు ఒక్కటిగా నిలుచును.

అయితే యంత్రము ఎంత దూరము నుండి లాగవలెనో చెప్పునది మనుష్యుడే. ఆ దూరమును పిక్సెలులలో గాని, నేలపై మీటర్లలో గాని నిర్ణయింపవచ్చును. చిక్కంతయు ఇచ్చటనే యున్నది. పనివాడు 10 పిక్సెలులని నిర్ణయించినాడనుకొందము. నక్షా అంతయు ఒకేసారి కనబడవలెనని, ఒక పిక్సెలు నేలపై అర మీటరునకు సమానమగునట్లు పెట్టుకొని గీచుచున్నాడు. అప్పుడు 10 పిక్సెలులనగా 5 మీటర్లు. గట్టు మూలకు 5 మీటర్ల లోపల ఏ బండ్ల బాట మలుపో, ఏ బావి మూలయో ఉన్నచో గీత దానికే అతుకుకొనవచ్చును. 200 మీటర్ల గట్టునకు ఒక కొన ఇట్లు 5 మీటర్లు ప్రక్కకు జరిగినచో, నడుమ ఏర్పడు త్రికోణము 500 చదరపు మీటర్లు. గుంట యనగా 33 అడుగుల చదరము, అనగా సుమారు 101 చదరపు మీటర్లు. ఒక రైతు లెక్కలో ఇంచుమించు 5 గుంటలు తరిగి, పొరుగువాని లెక్కలో అంతయు పెరుగును. గీచినవానికి దురుద్దేశ మేమియు ఉండదు. తెరపై అది చూపునకు ఆననంత కొద్ది జరుగుటయే. నక్షాను దగ్గరకు తెచ్చి, ఒక పిక్సెలు 5 సెంటీమీటర్లగునట్లు గీచినచో అదే 10 పిక్సెలులు అర మీటరు మాత్రమే యగును. దూరమును మీటర్లలోనే నిర్ణయించినచో, నక్షాను దగ్గరగా చూచినను దూరముగా చూచినను ఒకటే.

పాత కాగితము సంగతి కూడ చూడవలెను. మైలునకు 8 అంగుళముల ప్రమాణమున గీచిన నక్షాలో ఒక మిల్లీమీటరు నేలపై సుమారు 8 మీటర్లు. అందలి సిరాగీత అర మిల్లీమీటరు మందమున్నచో, ఆ మందమే నేలపై 4 మీటర్లు, అనగా 13 అడుగులు. గీతకు ఏ అంచున గుర్తు పెట్టవలెను? సాఫ్టువేరు చెప్పజాలదు. టిప్పనులో వ్రాసిన కొలతలు చెప్పును. కావున నక్షాపై గీతకంటె టిప్పను అంకెలకును, నేలపై నాటిన హద్దురాళ్ళకును విలువ హెచ్చు. తెరపై గీత జరిగినంత మాత్రమున పట్టాదారు హక్కు మారదు గాని, రోడ్డు వేయునపుడు, పరిహారము కట్టునపుడు ఆ గీతనే ముందు పెట్టుకొని లెక్కింతురు. తరువాత సరిచేయించుకొను భారము రైతుపై పడును.

జహీరాబాదు ప్రాంతమున ఇది ఊహామాత్రపు మాట కాదు. జాతీయ పెట్టుబడుల, ఉత్పత్తుల మండలము కొరకు నిర్ణయించిన 12,635 ఎకరములు న్యాలకల్, ఝరాసంగం మండలముల గ్రామములలోనివి. అట్టి చోట పరిహారము లెక్క గుంటలలోనే నడచును.

పటము పంచాయతీకి వచ్చినపుడు సభ్యులు సర్వేయరును మొదట అడుగవలసినది, అతుకు దూరమును పిక్సెలులలో పెట్టినారా, మీటర్లలోనా, ఎంత పెట్టినారు అని. ఇది అధికప్రసంగము కాదు. పని తెలిసిన సర్వేయరు సంతోషముగా చెప్పును. విభజించిన నంబరులున్నచో వాని విస్తీర్ణములను కూడి, మూల నంబరు విస్తీర్ణముతో సరిపోల్చవలెను. మొత్తము సరిపోయినంతనే తృప్తిపడరాదు. ఉమ్మడి గట్టు మొత్తముగా జరిగినచో ఒకరికి తరిగినది మరొకరికి చేరి కూడిక సరిగానే వచ్చును. అందుచేత రెండు మూడు గట్టులనైనను ఇరుగు పొరుగు రైతుల సమక్షమున టేపుతో కొలిపించి, పటములోని పొడవుతో సరిచూడవలెను. వాగు ఒడ్డున, వంకర గట్టుల చోట ఈ కొలత మరింత ముఖ్యము. అచ్చట మూలలు దగ్గరదగ్గరగా నుండుటచే యంత్రము ఒకదానికి బదులు మరొకదానిని పట్టుకొనును.

సరిహద్దు గ్రామములకు వేరొక జాగ్రత్త కలదు. 1956 నవంబరు 1వ తేదీకి ముందు జహీరాబాదు తాలూకా బీదరు జిల్లాలోనిది. ఆనాటి పునర్విభజనలో నిర్ణా సర్కిలు తప్ప తక్కిన తాలూకాయు, బీదరు తాలూకాలోని న్యాలకల్ సర్కిలును మెదకు జిల్లాలో చేరినవి. ఈ ప్రాంతము 2016 నుండి సంగారెడ్డి జిల్లాలో నున్నది. ఒకనాడు ఒకే జిల్లా కచ్చేరి క్రింద నున్న ఇరుగుపొరుగు గ్రామముల నక్షాలు నేడు రెండు రాష్ట్రముల చేతిలో నున్నవి. తెరపై లేని గీతకు ఏ సాఫ్టువేరును అతికింపజాలదు. కర్ణాటక వైపు గ్రామపు నక్షాను కూడ ప్రక్కన తెరిపించి, రెండు పొలిమేరలు కలిసినవో లేదో చూచిన పిమ్మటనే అట్టి గ్రామముల సభ్యులు తమ సమ్మతిని తెలుపవలెను.