సాగరగర్భంలో అంచెలు

ఓరుగల్లు సముద్రానికి చాలా దూరం. అయినా అక్కడి నుంచి పాలించిన కాకతీయ గణపతిదేవుడు క్రీ.శ. 1244లో మోటుపల్లి రేవులో సముద్ర వర్తకులకు అభయశాసనం వేయించాడు. తుఫానుకు కొట్టుకువచ్చిన ఓడల సరకును ఇకపై రాజు అపహరించడని అందులో మాట ఇచ్చాడు. అయితే నడిసముద్రంలో పుట్టిన ఆపదను తీరవాసులకు ముందుగా తెలిపే ఉపాయం ఆనాడు లేదు. 2004 డిసెంబరు 26న కూడా లేదు. సుమత్రా వద్ద పుట్టిన సునామీ అలలు ఆంధ్రతీరానికి చేరడానికి రెండు గంటలకు పైగా పట్టింది. ఆ వ్యవధి వృథా అయింది.

2007 అక్టోబరులో హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థలో సునామీ హెచ్చరిక కేంద్రం ఏర్పడింది. అదీ సముద్రానికి దూరమైన నగరమే! మరి కడలి అడుగు నుంచి అక్కడికి కబురు చేరేదెట్లా?

రేడియో తరంగాలను ఉప్పునీరు కొద్ది దూరంలోనే హరిస్తుంది. ధ్వని మాత్రం నీటిలో సెకనుకు సుమారు 1500 మీటర్ల వేగంతో చాలా దూరం పోతుంది. కానీ దూరం పెరిగిన కొద్దీ అదీ క్షీణిస్తుంది. అందుకే పూర్వం జాబులను మోసిన అంచె మనుషుల వలె, నడుమ ఒక పరికరం సంకేతాన్ని అందుకొని ముందుకు పంపాలి. దానినే రిలే అంటారు.

రిలేను ఎక్కడ నిలపాలన్నది చిక్కు ప్రశ్న. సరిగ్గా నడుమ ఉంచితే చాలుననిపిస్తుంది. అయితే నీటిలో ధ్వని తిన్నగా పోదు; తన వేగం తక్కువగా ఉండే పొరవైపు వంగుతుంది. పైనీరు వేడెక్కినప్పుడు కిరణాలు కిందికి వంగి, కొన్ని చోట్లకు ధ్వని చేరనే చేరదు. రిలే అటువంటి నీడలో పడితే నిరుపయోగం. రిలేల సంఖ్యను పెంచితే సంకేతాన్ని అందుకొని తిరిగి పంపే ప్రతి చోటా ఆలస్యం కలుగుతుంది. పైగా గమ్యానికి చేరువలో ఉన్న రిలే అందరి కబుర్లనూ మోయాలి కనుక దాని బ్యాటరీ ముందుగా నిండుకుంటుంది. దానిని మార్చాలంటే ఓడ వెళ్లవలసిందే.

సునామీ వ్యవస్థలో ఈ ప్రశ్నకు నిట్టనిలువు దారి సమాధానమైంది. సముద్రపుటడుగున ఉన్న పీడనమాపకం నీటిమట్టంలోని కొద్దిపాటి మార్పునైనా గుర్తించి ధ్వనిరూపంలో పైకి పంపుతుంది. పైన తేలే బోయా దానిని అందుకొని ఉపగ్రహానికి అందిస్తుంది. లోతు 3000 మీటర్లయితే ధ్వనికి పట్టేది రెండు సెకన్లు మాత్రమే. నిలువుగా సాగే ధ్వని వంగేదీ తక్కువే. అయితే ఆ బోయా పీడనమాపకానికి దాదాపు నెత్తిమీదనే ఉండాలి. లంగరు తెగి ప్రవాహంలో కొట్టుకుపోయినా, చేపల పడవలు కట్టుకోవడం వల్ల దెబ్బతిన్నా, అడుగున యంత్రం పనిచేస్తూనే ఉంటుంది. దాని పలుకు మాత్రం హైదరాబాదుకు చేరదు.