తేమ ఎక్కువా, కాయితం తక్కువా? ఎక్సెప్షన్ క్లాసుల కథ

మాది ఆదిలాబాద్. చలికాలం వచ్చిందంటే మార్కెట్ యార్డుకు పోయే రోడ్డంతా పత్తి బండ్లే. అందుకే జావా మినీ ప్రాజెక్టుకి నేను పత్తి కొనుగోలు ప్రోగ్రామ్ రాశాను.

రూల్ సింపుల్. భారత పత్తి సంస్థ, అదే మన సీసీఐ, మద్దతు ధరకు కొనేటప్పుడు తేమ చూస్తుంది. 8 శాతం వరకు పూర్తి ధర. 8 దాటి 12 లోపు ఉంటే దాన్ని బట్టి ధర తగ్గుతుంది. 12 దాటితే కొనరు.

కోడ్ మొత్తం ఒక ట్రై బ్లాకులో పెట్టి, కింద ఒకే క్యాచ్ రాశాను. ఏ ఎక్సెప్షన్ వచ్చినా "తేమ ఎక్కువ, కొనడం కుదరదు" అని ప్రింట్ అవుతుంది. సెలవులకు ఇంటికెళ్లినప్పుడు బాపుకి చూపించాను. ఆయన తేమ దగ్గర "11%" అని కొట్టిండు. కొనడం కుదరదు అని వచ్చింది!

"పదకొండే కదరా, ఎందుకు కొనరు?" అన్నడు.

నిజానికి తప్పు ఆ శాతం గుర్తుది. దాన్ని నంబరుగా మార్చలేక జావా నంబర్‌ఫార్మాట్ ఎక్సెప్షన్ విసిరింది. నా క్యాచ్ దాన్ని మింగేసి, తేమ మీదకు నెట్టింది. ఇది విని బాపు ఒకటే అడిగిండు: "మరి రైతు ఇప్పుడు పత్తి ఎండబెట్టాల్నా, ఇంకో కాయితం తేవాల్నా, మళ్ల కొట్టాల్నా?"

మా టెక్స్ట్‌బుక్‌లో దొరకని సూత్రం నాకు అక్కడ దొరికింది. ఎక్సెప్షన్లను విడగొట్టాల్సింది కారణాల పేర్లను బట్టి కాదు, పట్టుకున్నవాడు తర్వాత ఏం చేయాలో దాన్ని బట్టి. చేయాల్సిన పని వేరైతే క్లాసు వేరు. పని ఒకటే అయితే ఒకే క్లాసు చాలు, వివరం మెసేజ్‌లో రాస్తే సరిపోతుంది.

అలా తిరగరాస్తే ఇలా వచ్చింది:

క్లాస్ కొనుగోలుసమస్య ఎక్స్‌టెండ్స్ ఎక్సెప్షన్
క్లాస్ నాణ్యతసమస్య ఎక్స్‌టెండ్స్ కొనుగోలుసమస్య
క్లాస్ తేమఎక్కువ ఎక్స్‌టెండ్స్ నాణ్యతసమస్య
క్లాస్ కాయితంసమస్య ఎక్స్‌టెండ్స్ కొనుగోలుసమస్య
క్లాస్ ఎంట్రీతప్పు ఎక్స్‌టెండ్స్ కొనుగోలుసమస్య

ఇందులో గుర్తుపెట్టుకోవాల్సినవి నాలుగు.

ఒకటి, క్యాచ్‌లు రాసేటప్పుడు పిల్ల క్లాసు ముందు, తల్లి క్లాసు తర్వాత. కొనుగోలుసమస్యను ముందే పట్టుకుంటే తేమఎక్కువ వంతు ఎప్పటికీ రాదు. జావా కంపైలర్ దీన్ని ఒప్పుకోదు. పైథాన్ మాత్రం ఏమీ అనదు, మనమే చూసుకోవాలి.

రెండు, ఎక్సెప్షన్ కూడా ఒక ఆబ్జెక్టే. తేమఎక్కువ లోపల కొలిచిన శాతాన్ని ఒక ఫీల్డుగా దాచండి. అప్పుడు "13.5 ఉంది, 12కి దిగాలి" అని రైతుకి సరిగ్గా చెప్పొచ్చు.

మూడు, అసలు కారణాన్ని పారేయొద్దు. నంబర్‌ఫార్మాట్ ఎక్సెప్షన్‌ను ఎంట్రీతప్పుగా మార్చి విసిరేటప్పుడు, పాతదాన్ని కన్‌స్ట్రక్టర్‌లో కాజ్‌గా ఇవ్వాలి. స్టాక్ ట్రేస్‌లో రెండూ కనిపిస్తాయి.

నాలుగు, మామూలుగా జరిగేదాన్ని ఎక్సెప్షన్ చేయొద్దు. తేమ 10 ఉంటే ధర తగ్గుతుంది, అంతే. దానికి ఇఫ్ చాలు.

ఇంకో మాట. కొనుగోలుసమస్య నేరుగా ఎక్సెప్షన్ నుంచి వచ్చింది కాబట్టి అది చెక్డ్. పిలిచినవాడు పట్టుకోవాలి, లేదా త్రోస్ అని రాయాలి. రన్‌టైమ్ ఎక్సెప్షన్ నుంచి తెచ్చుకుంటే ఆ బలవంతం ఉండదు. అవతలివాడు ఏదైనా చేయగలిగే సమస్య కాబట్టి నేను చెక్డ్ ఎంచుకున్నాను.

చిన్న ప్రాజెక్టుకి ఇంత అవసరమా అంటారేమో. 1996 జూన్ 4న యూరప్ వాళ్ల ఏరియాన్ 5 రాకెట్ మొదటిసారి లేచి, నిమిషం కూడా గడవకముందే ముక్కలైంది. 64 బిట్ల దశాంశ సంఖ్యను 16 బిట్ల పూర్ణాంకంగా మార్చబోతే పట్టలేదు, ఎక్సెప్షన్ వచ్చింది. ఎక్సెప్షన్ వస్తే హార్డ్‌వేరే చెడిపోయి ఉంటుందన్న ఆలోచనతో ఆ సిస్టమ్‌ను డిజైన్ చేశారు. అందుకే దిశ చెప్పే కంప్యూటర్ ఆగిపోయింది. స్టాండ్‌బైలో ఉన్న రెండోదీ అదే సాఫ్ట్‌వేర్, అదీ అలాగే ఆగింది. లెక్కలో వచ్చిన తప్పుకి హార్డ్‌వేర్ మందు వేశారన్నమాట.

నా ప్రోగ్రామ్ చేసిందీ అదే. రాకెట్ పోలేదు కానీ, ఆ మెసేజ్ నమ్మితే ఒక రైతు మంచి పత్తిని వెనక్కి తోలుకుపోయి, ఇంకో రెండు రోజులు ఎండలో ఆరబోసేవాడు.

అందుకే ఇప్పుడు క్యాచ్ రాసే ముందు బాపు ప్రశ్న ఒకసారి అడుగుతాను: ఇది చదివినవాడు ఇప్పుడు ఏం చేయాలె?