పలక మీది తప్పు

మార్కాపురము పేరు చెప్పగానే పలక జ్ఞాపకము వచ్చును. బంకమట్టి పొరలు భూగర్భములోని ఒత్తిడికి, వేడికి గట్టిపడగా ఏర్పడినది పలకరాయి. పొరలు పొరలుగా చీలుట దాని గుణము. చెక్క చట్రము బిగించిన మార్కాపురపు పలకలు ఇతర రాష్ట్రముల బడులకును, విదేశములకును వెళ్లినవి. నోటుపుస్తకములు వ్యాపించిన పిదప గిరాకి తగ్గి, ఆ రాయి ఇండ్ల గోడలకు, నేలలకు అలంకారముగా పోవుచున్నది. అయినను పలకకు గల ఒక సుగుణము నోటుపుస్తకమునకు లేదు. తప్పు వ్రాసినవాడు అరచేతితో తుడిచివేసి, ఏమియు ఎరుగనట్లు కూర్చుండవచ్చును!

చిక్కు కూడ అక్కడనే ఉన్నది. తుడిచివేసిన తప్పు ఉపాధ్యాయుని కంటబడదు.

ఈ ప్రాంతపు బడి ఒకదానిలో మేము కూర్చుండి చూచుచుండగా, మూడవ తరగతి పిల్లలను ఉపాధ్యాయిని "నూట ఐదు" వ్రాయుమనిరి. ఒక బాలుడు 1005 అని వ్రాసెను. "ఒరే, వీని దగ్గర బాకీ వసూలు చేసుకుంటే మనకు లాభంరా!" అని ప్రక్కవాడు అనగా తరగతి గొల్లుమన్నది. మాకును నవ్వు ఆగలేదు. బాలుని చేయి అప్పుడే పలక మీదికి పోయినది. ఉపాధ్యాయిని ఆ చేతిని మెల్లగా పట్టుకొని, "తుడపొద్దు నాయనా, ఎట్లా రాసినావో చెప్పు" అని అడిగిరి.

"నూరు రాసినా, పక్కన ఐదు రాసినా" అని వాడు చెప్పెను.

విన్నది విన్నట్లే వ్రాసినాడు. వానికి వినికిడియు ఉన్నది, తర్కమును ఉన్నది. లేనిది స్థానవిలువ ఒక్కటే. ఆమె ఎండిన కందిపుల్లలు తెప్పించి పదేసి చొప్పున కట్టలు కట్టించి, పది కట్టలను ఒక మోపు చేయించిరి. మోపు ఒకటి, విడి కట్ట ఏదియు లేదు, విడి పుల్లలు ఐదు. "కట్ట లేదని ఎట్లా చెప్తావు?" అని అడుగగా బాలుడు కొంత తడవు ఆలోచించి నడుమ ఒక సున్న పెట్టెను. ఇందాక నవ్విన వారిలో ఇద్దరు ముగ్గురు తమ పలకలను చాటుగా దిద్దుకొనుట మేము చూచితిమి.

నవ్వులపాలై ఊరకుండిపోయిన బిడ్డకు స్థానవిలువ రాదు. అది రానిదే పెద్ద అంకెల కూడికయు తీసివేతయు రావు. అటుపిమ్మట వానికి బడికంటె గొర్రెల వెంట పోవుటయే సుఖముగా తోచును. 2009 నాటి విద్యాహక్కు చట్టము 17వ సెక్షనులో శారీరక దండనతోబాటు మానసిక వేధింపును కూడ నిషేధించినది ఊరక కాదు. అదే చట్టము 21వ సెక్షను ప్రకారము పాఠశాల యాజమాన్య సంఘములో స్థానిక సంస్థల ప్రతినిధులకు చోటు కలదు. సభ్యులు బడికి పోయినపుడు హాజరుపట్టీ, వంటగది చూచుట మంచిదే. ఒక్క పావుగంట తరగతి వెనుక కూర్చుండి, తప్పు చెప్పిన బిడ్డ తరువాత ఏమి చేయుచున్నదో కూడ చూడవలెనని మా కోరిక.

ఆనాడే మరియొక తరగతిలో "నీరు మనకు ఎక్కడ నుండి వచ్చును?" అను ప్రశ్నకు ఒక బాలిక తడుముకొనక "ట్యాంకరు నుంచి" అని చెప్పినది. వేసవిలో ట్యాంకరు కొరకు బిందెలు వరుస పెట్టు ఊరి బిడ్డ మరేమి చెప్పును? ఈమారు మాతో వచ్చిన పంచాయతీ సభ్యుడు నవ్వలేదు. "అయితే ట్యాంకరుకు ఎక్కడిదమ్మా?" అని అడిగెను. బాలికకు తెలియలేదు. మరునాడు డ్రైవరును అడిగి, పొలములోని బోరు నుండి అని తెలిసికొని వచ్చినదట. "బోరులోకి ఎట్లా వచ్చింది?" అని ఉపాధ్యాయుడు అడుగగా తరగతి అంతయు కిటికీలో నుండి ఆకాశము వైపు చూచినదట.