లింగపర్వత దర్శనం

తీర్థమంటే తరింపజేసేదని పెద్దలు చెబుతారు. నదీతీరమైనా గిరిశిఖరమైనా, ఎక్కడ నిలిస్తే మనస్సు ఒడ్డుకు చేరుతుందో అది తీర్థం. అయితే మూలమూర్తి లేని చోటు, అర్చకుడు లేని చోటు, నిత్యనైవేద్యం జరగని చోటు తీర్థమవుతుందా? మొన్నటి మార్గశిరంలో లావోస్ దేశపు దక్షిణ భాగాన ఒక కొండ ఎక్కుతున్నప్పుడు నాకు కలిగిన సందేహమిది. ఆ కొండ పాదాన ఉన్న శిథిలాలయాన్ని అక్కడివారు ‘వాట్ ఫూ’ అంటారు. కొండగుడి అని అర్థం. చంపాసక్ పట్టణానికి సమీపంలో, మెకాంగ్ మహానదికి పడమటి దిక్కున ఉంది. 2001లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది.

మా అక్కయ్య శ్రీశైలంలో పాతాళగంగ నుండి తెచ్చిన కృష్ణాజలాన్ని ఒక చిన్న సీసాలో నింపి నా చేతికిచ్చింది. ఎనభై దాటిన మనిషి. మోకాళ్ల నొప్పులతో మా ఊరి గుడి మెట్లు ఎక్కడమే మానుకుంది. “అక్కడ శివుడున్నాడట గదరా, నా పేర అభిషేకం చేసిరా” అని మాట తీసుకుంది. నేను ఒప్పుకున్నాను. అక్కడ ఏమున్నదో, ఏమి లేదో విచారించకుండానే ఒప్పుకున్నాను.

మాకు దారి చూపినవాడు సమీప గ్రామానికి చెందిన నడివయస్కుడు. ఉదయమే వచ్చి, రెండు చేతులు జోడించి నమస్కరించాడు. ఆ నమస్కారం మనదే అనిపించింది. నేను వెంటనే మెట్లవైపు నడవబోతే ఆపాడు. “అయ్యా, మొదట గుడిని చూడకండి. పైకి చూడండి” అన్నాడు. సుమారు 1,400 మీటర్ల ఎత్తున ఆ పర్వతశిఖరంపై ఒక శిల సహజంగానే లింగాకారంలో నిలిచి ఉంది. మంచు తొలగుతుంటే కొంచెం కొంచెంగా కనబడింది. దానిని బట్టే ప్రాచీనులు ఆ కొండకు లింగపర్వతమని పేరు పెట్టారు. చీనాదేశపు సూయీ వంశ చరిత్రలో సైతం ఈ పేరు వారి ఉచ్చారణలో నమోదై ఉంది. ఆలయం కోసం కొండను వెతకలేదు. కొండే స్వయంభువైన దేవుడని గుర్తించి, దాని పాదాన ఆలయం కట్టారు.

అటుపైన నడక మొదలైంది. ముందు రెండు విశాలమైన తటాకాలు, వాటి వెనుక ఇరువైపులా రాతి స్తంభాలు నిలిపిన రాజమార్గం, దానికి రెండు పక్కల చతురస్రాకారపు పెద్ద మండపాలు, ఆపైన నంది మండపం. ఇవన్నీ తూర్పు నుండి పడమటికి ఒకే గీతమీద సాగి కొండను చేరుతాయి. ఇప్పుడు కనిపించే కట్టడాలలో అధికభాగం 11 నుండి 13 శతాబ్దాల నాటి ఖ్మేరు రాజులవి. కానీ ఈ స్థలంలో ఆరాధన 5వ శతాబ్దం నుండే ఉన్నది. ఇక్కడినుండి అంగ్‌కోర్ రాజధాని వరకు ఒక ప్రాచీన మార్గం కూడా ఉండేది.

మెట్లకు ఇరువైపులా దేవగన్నేరు చెట్లు. లావోస్ వారు ఆ పువ్వును ‘చంపా’ అంటారు. అది వారి జాతీయ పుష్పం. మన సంపెంగ వేరు, వారి చంపా వేరు. పేరు మాత్రం మన దేశం నుండి ప్రయాణించి వెళ్లి వేరొక పువ్వును వరించింది. ఆ మెట్లు ఎంత నిటారుగా ఉన్నాయంటే, పాదం పూర్తిగా ఆనదు. పక్కకు తిరిగి, తల వంచి ఎక్కవలసిందే.

పైనున్న గర్భాలయం ముందుభాగం ఇసుకరాతితో, వెనుకభాగం ఇటుకతో కట్టినది. ద్వారానికి అటూ ఇటూ ద్వారపాలకులు, దేవతాస్త్రీలు. ద్వారాలపై రాతి దూలాలలో ఐరావతంపై ఇంద్రుడు, గరుడునిపై విష్ణువు. ఒకచోట శ్రీకృష్ణుడు కంసుని సంహరిస్తున్నాడు. నేను ఆయన చెప్పకముందే గుర్తుపట్టి, కొంత గర్వంగా భాగవత కథ వినిపించాను. ఓపికగా విన్నాడు. విని, “మీ ఊరి ఆలయ ద్వారంపై ఏ బొమ్మ ఉంది?” అని అడిగాడు.

అరవై ఏళ్లుగా ఆ ద్వారం కింద తల వంచి లోపలికి వెళ్తున్నాను. జవాబు చెప్పలేకపోయాను.

లోపల లింగం లేదు. ముందు గదిలో బుద్ధ విగ్రహాలున్నాయి. కొన్ని శతాబ్దాలుగా ఇది బౌద్ధుల ఆరాధనాస్థలం. ఏటా మాఘపూర్ణిమనాడు వేలాదిమంది అక్కడ చేరి పూలు, దీపాలు సమర్పిస్తారు. వెనుక ఇటుక గదిలో పూర్వం లింగం ఉండేది. ఆ గది వెనుక కొండచరియ కిందనుండి ఒక ఊట పుడుతుంది. ఆ నీటిని రాతి కాలువల ద్వారా గర్భాలయంలోకి మళ్లించి, లింగంపై ఎల్లవేళలా ధార పడేటట్లు ఏర్పాటు చేశారు. అభిషేకజలం కోసం ఎవరూ కడవ మోయనక్కరలేదు. పర్వతమే తన రూపానికి తాను అభిషేకం చేసుకుంటున్నదన్నమాట. ఇంతటి భావనను రాయిలో, నీటిలో చెప్పిన శిల్పాచార్యుడు ఎవరో గాని, అతనికి ఆగమమూ తెలుసు, నీటి పల్లమూ తెలుసు.

ఆ ఖాళీ గది గడప దగ్గర నేను సీసా మూత తీశాను. దారిచూపినవాడు నా చేయి పట్టుకోలేదు, గాని ఎదురుగా వచ్చి నిలిచాడు. “ఇక్కడ వద్దయ్యా. ఒక్కరు పోస్తే ఏమీ కాదు. వచ్చిన ప్రతివారూ పోస్తే, పసుపు కుంకుమలు పూస్తే, నూనె రాస్తే ఈ ఇటుక నిలవదు” అన్నాడు. నాకు కోపం వచ్చింది. శివునికి నీళ్లు పోయడానికి మరొకరి అనుమతి ఏమిటని అనిపించింది. పైకి అనలేదు. ఆయన నన్ను గర్భాలయం వెనుకకు తీసుకువెళ్లాడు. అక్కడ కొండరాతిపైనే త్రిమూర్తులు చెక్కి ఉన్నారు. మధ్య శివుడు, ఇరువైపులా బ్రహ్మవిష్ణువులు. పక్కన ఊట. భక్తులు ఆ నీటిని తలపై చల్లుకుంటున్నారు. ఒక చెట్టు మొదలు చూపి, “ఇక్కడ నేలకు పోయండి. ఇది కూడా ఆ కొండే” అన్నాడు.

అక్కయ్య గోత్రనామాలు చెప్పుకొని, శిఖరంవైపు తిరిగి, ఆ మట్టిలో పోశాను. లోపలి లింగాన్ని కాలం తీసుకుపోయింది. పైది ఎవరూ ప్రతిష్ఠించినది కాదు గనుక ఎవరూ తీసివేయలేదు. ఖాళీ సీసాలో ఊటనీరు నింపుకున్నాను.

దిగివచ్చే దారిలో ఆయన దేవానీక మహారాజు మాట చెప్పాడు. ఆ ప్రాంతంలో దొరికిన 5వ శతాబ్దపు సంస్కృత శాసనం ఆ రాజుది. దూరదేశం నుండి వచ్చి లింగపర్వతదేవుని అనుగ్రహంతో రాజ్యం పొందినట్లు, వేల గోవులను దానం చేసినట్లు, అక్కడ ఒక తీర్థాన్ని నెలకొల్పి దానికి కురుక్షేత్రమని పేరు పెట్టినట్లు అందులో ఉంది. ఆ శాసనలిపి దక్షిణ బ్రాహ్మీ శాఖకు చెందినది. మన తెలుగు లిపి పుట్టినదీ ఆ శాఖలోనే. రాజ్యం పోయింది, గోవులు పోయాయి, ఆ నగరం మట్టిలో కలిసింది. ఒక రాయిని ఎవరూ పగులగొట్టనందువల్ల ఆ దాత పేరు పదిహేను శతాబ్దాల తరువాత మార్గశిరపు ఎండలో నా చెవిన పడింది.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. పన్నెండేళ్ల క్రితం మా ఊరి ఆలయ ముఖమండపానికి నేను నేలపలకలు వేయించాను. పాత బండలు ఎగుడుదిగుడుగా ఉన్నాయని, భక్తుల కాళ్లకు తగులుతున్నాయని ఆ పని తలపెట్టాను. మేస్త్రీ ఒక బండ దగ్గర ఆగి, “దీనిమీద ఏవో అక్షరాలున్నాయి బాబూ, వదిలేయమంటారా?” అని అడిగాడు. నేల సమంగా ఉండాలి, కప్పేయమన్నాను. పని పూర్తయ్యాక గోడకు నల్లరాతి ఫలకం పెట్టి నా పేరు చెక్కించారు. అది నేటికీ మెరుస్తూనే ఉంది.

దానం చేయదలచిన భక్తులకు ఈ అనుభవంతో కొన్ని మాటలు విన్నవిస్తాను. పాత రాతి స్తంభాలకు రంగులు వేయించకండి. రంగు పొర శిల్పపు ముక్కు, కన్ను పూడ్చివేస్తుంది, రాతిలోని తేమను బయటకు పోనివ్వదు. పేరుకున్న సున్నాన్ని తొలగించడానికి ఇసుకను యంత్రంతో చిమ్మించడం అంతకంటే కీడు. రాతిపొరతోపాటు అక్షరం అంచు కూడా ఊడిపోతుంది. జీర్ణోద్ధరణ ఎంతో పుణ్యకార్యమే. అయితే జీర్ణమైనదానిని ఉద్ధరించాలి గాని మరుగుపరచకూడదు. వాట్ ఫూలో కూలిన మండపాల రాళ్లకు ఒక్కొక్కదానికి అంకె వేసి, దేని చోట దానిని తిరిగి పేరుస్తున్నారు. ఆ పరిరక్షణలో మన భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ వారు కూడా పాలుపంచుకున్నారు. శాసనం కనబడితే మైసూరులో ఆ సంస్థకే శాసన విభాగం ఉంది, వారికి తెలియజేయవచ్చు. తడి కాగితం రాతిపై అద్ది, సిరా తట్టి, రాతికి హాని లేకుండా ప్రతి తీస్తారు.

ఇంటికి వచ్చాక అక్కయ్య, “అభిషేకం జరిగిందా?” అని అడిగింది. జరిగినదంతా చెప్పాను. ఊటనీరు కళ్లకద్దుకొని, చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత, “మన గుడిలో ఆ బండ నాకు గుర్తుందిరా. చిన్నప్పుడు ఆ గుంటల్లో గవ్వలు పెట్టి ఆడుకునేవాళ్లం” అంది.

ఆలయ పెద్దల అనుమతితో, తెలిసిన వారి పర్యవేక్షణలో, ఆ మూల పలకలు తొలగించే పని గత నెలలో మొదలుపెట్టాము. మూడు పంక్తులు బయటపడ్డాయి. నాలుగవది సిమెంటు కింద ఉంది. ఉలి పెట్టవద్దన్నారు. వెదురు పుల్లతో, నీటితో, రోజుకు రెండు అంగుళాలు చొప్పున తీస్తున్నారు.