సున్నపు గోడకి సిమెంటు ఎందుకు పడదు?

కోనసీమలో మా తాతయ్య వాళ్లది మండువా ఇల్లు. రెండేళ్ల కిందట పడమటింటి గోడ అడుగున పెచ్చులూడుతుంటే "సిమెంటు పూయించేద్దాం తాతయ్యా, గట్టిగా ఉంటుంది" అన్నది నేనే. అప్పటికి నేను సివిల్ మూడో సెమిస్టర్. "ఇంజనీరువి నువ్వే చెబుతుంటే ఇంకేం" అని ఆయన ఒప్పేసుకున్నారు. మూడడుగుల ఎత్తు వరకు సిమెంటు పూసి, పైన మెరిసే పెయింటు వేయించాం. రెండు వానాకాలాలు గడిచేసరికి చెమ్మ ఆ మూడడుగులూ దాటి పైకెక్కింది. ద్వారబంధం కాలు మెత్తబడి పుచ్చిపోయింది.

తప్పెక్కడ జరిగిందో తర్వాత చదివితే తెలిసింది. ఆ గోడ ఇటుకా, గానుగ సున్నమూ. గుల్లనో సున్నపురాయినో దాదాపు 900 డిగ్రీల దగ్గర కాలిస్తే కార్బన్ డయాక్సైడ్ పోయి కాల్షియం ఆక్సైడ్ మిగులుతుంది. నీళ్లు పోస్తే అది పొంగి కాల్షియం హైడ్రాక్సైడ్ అవుతుంది. దాన్ని ఇసుకతో కలిపి, ఎద్దులు తిప్పే గానుగలో నూరి గోడకి వాడేవారు. అది గాల్లోని కార్బన్ డయాక్సైడ్‌ని మెల్లగా పీల్చుకుని మళ్లీ రాయవుతుంది. అంటే బయల్దేరిన చోటికే తిరిగొస్తుందన్నమాట! ఇంటర్ కెమిస్ట్రీలో ఈ సమీకరణాలు బట్టీ పట్టాను గానీ, మా గోడలో ఉన్నది ఇదేనని తట్టలేదు.

మా ఇంటికి పునాది పైన చెమ్మని ఆపే పొర లేదు. నేలలోని నీరు కేపిలరీ చర్యతో ఇటుకల్లోకి ఎక్కుతుంది. సున్నపు పూతకి సన్నని రంధ్రాలుంటాయి కాబట్టి ఆ నీరు ఆవిరై బయటికి పోతుంది. ఉప్పు పూత మీదే పేరుకుంటుంది, పూత రాలుతుంది, ఇటుక బతుకుతుంది. మేం జబ్బనుకున్న పెచ్చులు నిజానికి గోడ తనని తాను కాపాడుకునే పద్ధతి. సిమెంటు పూత, పైగా పెయింటు, ఆ దారి మూసేశాయి. నీరు పైకెక్కింది, ఉప్పు ఇటుకలోనే గట్టిపడి దాన్ని పగలగొట్టింది.

క్యూబ్ టెస్టులో ఎక్కువ బరువు మోసిందే గొప్పదని ల్యాబులో అలవాటైపోయింది మనకి. పాత గోడ దగ్గర లెక్క తిరగబడుతుంది: మరమ్మతుకి వాడేది అసలు గోడకంటే మెత్తగా ఉండాలి.

మొన్న వేసవిలో సిమెంటు కొట్టించాం. ఇటుకల మొహాలు కూడా ఊడొచ్చాయి, అవి ఇక రావు. ముందు చూరు నీళ్లు గోడవారన నిలవకుండా కాలువ తీయించి, గోడని ఆరనిచ్చాం. ఊళ్లో సున్నం పని గుర్తున్న మేస్త్రీ గారు ఒక్కరే దొరికారు. సున్నాన్ని నానబెట్టి, కరక్కాయ నీళ్లు కలిపి, పలచటి పొరలుగా పూశారు. తడి గోనెసంచులు కప్పి రోజూ తడిపాం. తొందరగా ఆరితే సున్నం గట్టిపడదు. పైన పెయింటు లేదు, వెల్ల మాత్రమే.

ద్వారబంధానికి పుచ్చినంత మేర కోసి కొత్త టేకు అతికించారు. వడ్రంగి దానికి పాత రంగు పూస్తానన్నాడు, నేనే వద్దన్నాను. చేర్చిన ముక్క అసలుదాంతో కలిసిపోవాలి గానీ, కొత్తదని గుర్తుపట్టేలా ఉండాలని 1964 నాటి వెనిస్ చార్టర్ అంటుంది. అది స్మారక కట్టడాల గురించి చెప్పిన మాటే అయినా, మా గుమ్మానికీ నప్పింది.

వంటింటి గోడ ఇంకా మిగిలుంది. దాని సంగతి మాత్రం తాతయ్య నన్నడగట్లేదు, మేస్త్రీ గారినే అడుగుతున్నారు.